కరెంటు పనికి గంట లెక్క

మా వైపు ప్రతి పనికీ ఓ కొలత ఉంది. పత్తి తీస్తే కేజీ లెక్క. కలుపు తీస్తే రోజు కూలి. దుక్కికి ట్రాక్టరు వస్తే గంట లెక్క, గట్టు చదును చేయడానికి జేసీబీ వచ్చినా గంట లెక్కే. బోరు వేస్తే అడుగు లెక్క. మిర్చి కోతకు ఒక ఏడు రోజు కూలి, మనుషులు దొరకని ఏడు కేజీ లెక్క. బేరమాడితే ఆడతారు గానీ, దేన్ని బట్టి డబ్బులివ్వాలన్న దాని మీద పేచీ ఉండదు. నేను చేసే పనికే ఆ కొలత లేకుండా పోయింది. ఫ్యాను తిరగడం లేదని పిలుస్తారు, వెళ్తాను, బాగు చేస్తాను. చేతులు కడుక్కుంటుంటే "ఎంతిమ్మంటావబ్బాయ్?" అని అడుగుతారు. "మీకు తోచింది ఇయ్యండి" అంటాను. వంద ఇచ్చినా జేబులో పెట్టుకుని వచ్చేవాణ్ణి, రెండొందలు ఇచ్చినా అంతే. సొంతంగా పని మొదలుపెట్టాక పదిహేనేళ్ళు ఇలాగే గడిపాను.

నేను వినుకొండలో ఎలక్ట్రీషియన్ని. ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, నాలుగేళ్ళు ఒక మేస్త్రీ కింద గోడలకు గాళ్ళు కొట్టి, ఆ తర్వాత సొంతంగా సంచి భుజాన వేసుకున్నాను. నాకు షాపు లేదు. బండి, సంచి, నిచ్చెన, ఫోను, అంతే. కొండ కింద వీధుల్లో ఇళ్ళ పని చేస్తాను. బొల్లాపల్లి, నూజెండ్ల, ఈపూరు, శావల్యాపురం వైపు పొలాల్లో మోటార్ల పనికి పోతాను. నాలాంటి వాళ్ళు ఈ చుట్టుపక్కల ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. మమ్మల్ని పిలవని ఇల్లు లేదు. అయినా మా పనికి ధర ఎలా కట్టాలో మాకూ తెలియదు, పిలిచేవాళ్ళకూ తెలియదు. దీనివల్ల నష్టపోయేది మేమొక్కళ్ళమే అయితే ఇంత రాయను.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళతో పెద్ద చిక్కు లేదు. పాయింటు లెక్కన మాట్లాడుకుంటారు, లైటుకొకటి, ఫ్యానుకొకటి, ప్లగ్గుకొకటి. లేదంటే చదరపు అడుగుకు ఇంతని గుత్త. అదీ కాకపోతే రోజు కూలి. పొద్దున ఒక చోట దిగితే సాయంత్రం దాకా అక్కడే పని, మధ్యలో తిరుగుడు లేదు. పాయింట్లు ఎన్నో గోడ మీద సుద్దముక్కతో గీసుకుంటాం, ఇంటాయనకూ కనిపిస్తాయి. తంటా అంతా రిపేరుతోనే. రిపేరులో కంటికి కనిపించేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల ముందూ వెనకా ఏముందో ఇంటివాళ్ళకు కనపడదు. నిజానికి చాలా ఏళ్ళు నాకూ కనపడలేదు.

దాన్ని నాకు చూపించింది నా భార్య. ఆమె డ్వాక్రా సంఘానికి లీడరుగా చేసింది. పొదుపు, అప్పు, వడ్డీ, తీర్మానం, ఏదైనా పుస్తకంలోకి ఎక్కితేనే ఆమెకు లెక్క. 2019 వేసవిలో ఒక రాత్రి పిల్ల ఫీజు గురించి మాట్లాడుకుంటుంటే "మీకు నెలకెంత వస్తుంది?" అని అడిగింది. పాతిక వేల దాకా రావచ్చన్నాను. "రావచ్చు కాదు, వచ్చిందెంత?" అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఓ రెండొందల పేజీల నోటుబుక్కు కొని నాలుగు గళ్ళు గీసి ఇచ్చింది. ఇంట్లోంచి బయల్దేరిన టైము, పని మొదలుపెట్టిన టైము, పని అయిపోయిన టైము, డబ్బు చేతికొచ్చిన రోజు. "ఏం చేశారో రాయక్కర్లేదు, టైము రాయండి చాలు" అంది.

ఆ పుస్తకంలోని ఒక మంగళవారం ఇక్కడ దించుతాను. పొద్దున 8.10కి బయల్దేరాను. స్టేషను వైపు ఒకింట్లో గీజరు వేస్తే ఎంసీబీ పడిపోతోంది. 8.25కి వెళ్ళాను, పావుగంట చూస్తే ఎలిమెంటు పోయిందని తేలింది. షాపుకు వెళ్తే ఇంకా తెరవలేదు, 9.30 దాకా నిలబడ్డాను. ఎలిమెంటు తెచ్చి బిగించేసరికి 10.20. రెండొందలు ఇచ్చారు. 11 గంటలకు కొత్తగా పైపోర్షను వేస్తున్న ఒకాయన ఎస్టిమేటు కోసం రమ్మన్నాడు. గది గదికీ తిరిగి పాయింట్లు రాసి ఇచ్చాను, మళ్ళీ ఫోను చేస్తానన్నాడు, చేయలేదు. అక్కణ్ణుంచి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పొలంలో స్టార్టరు. వెళ్ళేసరికి త్రీఫేజ్ కరెంటు లేదు, 2 గంటలకు వచ్చింది. 3.15కి మోటారు తిరిగింది. మూడొందలు సాయంత్రం ఫోన్‌పే చేస్తానన్నారు, పదకొండో రోజున వచ్చాయి. వస్తూ వస్తూ పాత బాకీల కోసం రెండిళ్ళకు వెళ్ళాను, రెంటికీ తాళం. చీకటి పడే వేళకు ఒకింట్లో ట్యూబులైటు, వంద. ఇంటికొచ్చేసరికి 6.40.

పదిన్నర గంటలు బయట ఉన్నాను. అందులో స్క్రూడ్రైవరు చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. వచ్చింది ఆరొందలు, పెట్రోలు నూటపది. ఆ పేజీ చూసి నేను చాలాసేపు మాట్లాడలేదు. అది ఖాళీగా గడిచిన రోజు కాదు. నాలుగు చోట్ల పనుందని పొద్దున హుషారుగా బయల్దేరిన రోజు.

గంట రేటు అనేది ఇక్కడే మొదలవుతుంది. చాలామంది తమ్ముళ్ళు రోజు కూలి 800 అనుకుని, దాన్ని ఎనిమిదితో భాగించి, గంటకు వంద అనుకుంటారు. అలా భాగిస్తే ఎనిమిది గంటలూ ఎవరో ఒకరు డబ్బులిస్తున్నట్టు లెక్క. నా పుస్తకం అలా చెప్పలేదు. ఏడాదంతా రాశాక తేలిందేమంటే, రిపేర్లూ వైరింగూ కలిపి చూసినా రోజుకు సగటున ఐదు గంటలకే నాకు డబ్బు వస్తోంది. మిగతాది దారి, షాపు, ఎస్టిమేట్లు, కరెంటు కోసం కాచుకోవడం, బాకీల కోసం తిరగడం.

ఈ ఉగాదికి మేమిద్దరం వేసుకున్న లెక్క చెబుతాను. అంకెలు మా ఇంటివి. మీరు ఈ పనిలో ఉంటే మీ అంకెలు పెట్టుకోండి, దారి మాత్రం ఇదే. ఏడాదికి 365 రోజులు. ఆదివారాలు 52 తీసేస్తే 313. పండగలు, పెళ్ళిళ్ళు, చావులు, జ్వరాలు, ముసురు పట్టి పని దొరకని రోజులు కలిపి మరో 43 పోతాయి. మిగిలింది 270. రోజుకు ఐదు గంటల చొప్పున 1,350 గంటలు. ఏడాది మొత్తంలో నేను అమ్ముకోగలిగిన సరుకు ఇంతే.

ఇక ఖర్చు. బియ్యం, పాలు, ఫీజులు, మందులు, అద్దె అన్నీ కలిపి ఇంటికి నెలకు 22,000, ఏడాదికి 2,64,000. పని ఖర్చు వేరే. పెట్రోలు రోజుకు 120 చొప్పున 32,400. బండి టైర్లు, రిపేర్లు 9,000. డ్రిల్లింగ్ మెషీను, బిట్లు, కటింగ్ బ్లేడ్లు, మీటరు, చెప్పులూ గ్లవుజులూ 14,000. ఫోను 3,600. ఇన్సూరెన్సులు 6,000. ఏటా రాకుండా పోయే బాకీలు సగటున 25,000. ఇవన్నీ కలిపితే 90,000. చేతకాని రోజులకని నెలకు మూడు వేలు పక్కన పెడితే 36,000. మొత్తం 3,90,000. దీన్ని 1,350తో భాగిస్తే గంటకు 289 రూపాయలు వచ్చింది. వంద అనుకున్న చోట 289! నా భార్య రెండుసార్లు భాగించింది.

చదువుతున్న మీకు ఇది ఎక్కువనిపించవచ్చు. ఒకసారి చూడండి, ఇందులో లాభమని విడిగా ఒక్క రూపాయి లేదు. ఇల్లు గడవడం, పనిముట్లు అరగడం, ముసలితనానికి నాలుగు రాళ్ళు, ఇంతే ఉంది. ఇంకో సంగతి కూడా ఈ లెక్కలో తేలింది. 3,90,000ను 270 రోజులకు పంచితే రోజుకు 1,444. కొత్త ఇంట్లో రోజు కూలికి వెళ్తే మా ఊళ్ళో నాకు 1,200 ముడుతుంది. తక్కువే. కానీ తిరుగుడు లేదు, పెట్రోలు మిగులుతుంది, సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది కాబట్టి ఒప్పుకుంటాను. ఆ లోటు రిపేరు రోజుల్లో పూడాలి. అంటే రిపేరు గంటా వైరింగు గంటా ఒకటే ధర కావు, కాకూడదు. ఇది తెలియని రోజుల్లో నేను రిపేరునే చవగ్గా చేసి పెట్టేవాణ్ణి, చిన్న పనే కదా అని.

ఇలాంటి లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు కాగితం మీద తేలిందే గానీ నోటితో చెప్పడం రాలేదు. మూడొందలు అనడానికి నాకు నాలిక ఆడేది కాదు. ఆ జంకు పోగొట్టింది వరసకు మామయ్యే ఒక రైతు. బొల్లాపల్లి వైపు ఐదెకరాల మిర్చి. కోతలు మొదలైన ఒక జనవరిలో ఫోను చేశాడు, మోటారు తిరగట్లేదని కాదు, నిలవట్లేదని. స్టార్టరు పచ్చ బటను నొక్కి పట్టుకుంటే తిరుగుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. ఈ మాట వినగానే సగం తెలిసిపోతుంది. బటను వదిలాక కూడా కాయిల్‌కు కరెంటు అందేలా పట్టి ఉంచే చిన్న కాంటాక్టు ఒకటి ఉంటుంది, అది అంటుకోవడం లేదన్నమాట. వెళ్ళి మెయిన్ దించి డబ్బా మూత తీస్తే చీమలు గూడు పెట్టాయి. కాంటాక్టు నల్లగా మాడి ఉంది. చీమల్ని దులిపి కాంటాక్టు ముక్క మార్చాను. పది నిమిషాల పని.

మూత వేయబోతూ చూస్తే స్టార్టరు డబ్బాకు, మోటారు బాడీకి రావలసిన ఎర్తు తీగ తెగి కంచెకు చుట్టుకుని ఉంది. ఎన్నాళ్ళ కిందట తెగిందో. ఆ ఇనప డబ్బాను తడి చేతులతో రోజూ ముట్టుకుంటున్నారు, కాలవలో నీళ్ళు పారుతుంటే ఆడకూలీలు కాళ్ళు కడుక్కునేది దాని పక్కనే. తీగ సాపు చేసి, లగ్గు కొట్టి, ఎర్తు కడ్డీ దగ్గర తుప్పు గీకి బిగించి, మీటరు పెట్టి చూసేసరికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. నాలుగొందలన్నాను.

"చీమల్ని దులిపినందుకు నాలుగొందలా అల్లుడూ?" అన్నాడు.

"మామా, నీకు అరగంట దుక్కి ఉంది. వినుకొండ నుంచి ట్రాక్టరు వస్తదా?"

"అరగంటకు ఎవడొస్తాడు? వచ్చినా గంట డబ్బులు పెట్టమంటాడు."

"ఎందుకు పెట్టమంటాడు?"

ఆయన వెంటనే మాట్లాడలేదు. నా బండి వైపు చూశాడు, దారి వైపు చూశాడు. "రానూ పోనూ డీజిలుంది గదా" అన్నాడు. తర్వాత కండువాలోంచి డబ్బు తీసి నాలుగొందలూ ఇచ్చాడు. "ఆ మాట ముందే చెప్పు అల్లుడూ. ఫోన్లోనే చెప్పు. ఇక్కడికొచ్చి మూత తీసినాక చెబితే ఏదోలాగుంటది" అన్నాడు. గంట కంటే తక్కువ పని లేదన్న నియమం నేను కనిపెట్టింది కాదు. మా రైతులు ట్రాక్టర్ల దగ్గర ఎప్పట్నుంచో పాటిస్తున్నదే.

అప్పట్నుంచి ఫోన్లోనే చెబుతున్నాను. ఊళ్ళో అయితే రాకతో కలిపి మొదటి గంటకు 300. ఆ పైన ప్రతి అరగంటకూ 150. పది కిలోమీటర్లు దాటితే దారికని మరో వంద. సామాను బిల్లు వేరే, షాపు రసీదు మీ చేతికే ఇస్తాను. రాత్రి తొమ్మిది దాటితే ఒకటిన్నర రెట్లు. ఒక్కో ఇంట్లో ఈ మాట విని ఫోను పెట్టేస్తారు. మొదట్లో ఆ ఫోన్లు పోయినందుకు దిగులుపడ్డాను. పుస్తకం తిరగేస్తే, అలా పోయినవాటిలో ఎక్కువ భాగం డబ్బు చేతికొచ్చిన గడి ఖాళీగా ఉన్న ఇళ్ళే.

కరెంటు కోసం కాచుకునే గంట సంగతి విడిగా చెప్పాలి, ఇది మా పల్లెల పనికే ఉన్న కష్టం. 2004 మే నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. పొలాలకు త్రీఫేజ్ సరఫరా పగటి పూట తొమ్మిది గంటలు అనుకుంటే, అది ఏ ఫీడరుకు ఏ వేళ వస్తుందో ఆ ఊరి రైతుకే తెలుసు. మోటారు బాగు చేసి తిప్పి చూడకుండా రాలేను. మూడు ఫేజుల్లో కరెంటు సమంగా లాగుతోందా లేదా క్లాంపు మీటరు పెట్టి చూడాల్సిందే. చూడకుండా వస్తే రాత్రికి వైండింగ్ కాలిపోవచ్చు. అందుకని వేపచెట్టు కింద కూర్చుంటాను. ఆ గంట ఎవరి ఖాతా? రైతు తప్పు లేదు, నా తప్పూ లేదు. చివరికి సగం సగం అనుకున్నాం. కాచుకున్న గంటకు సగం రేటు. దాంతో ఇంకో మేలు జరిగింది. "మాకు పదకొండింటికి వస్తది, పదిన్నరకు రా" అని రైతులే ఇప్పుడు టైము చూసి పిలుస్తున్నారు.

బాకీ మాట ఎత్తకుండా మా ప్రాంతంలో ఏ ధరా మాట్లాడలేం. "మిర్చి కాటా పడగానే ఇస్తా" అనేది ఇక్కడ అందరూ ఒప్పుకునే మాటే. ఆగస్టులో మోటారు రిపేరు చేస్తే ఏప్రిల్లో డబ్బు. నాలుగు వేలు ఎనిమిది నెలలు ఆగితే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన 640 రూపాయలు నేను పోగొట్టుకున్నట్టు. రైతును తప్పు పట్టలేను. 2021లో నల్లతామర పురుగు వచ్చి పూత మీదే తోటల్ని తినేసినప్పుడు, పీకేసిన చేలగట్ల మీద నిలబడి డబ్బడగడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ధర బాగా పలికిన ఏడు అందరూ పిలిచి మరీ ఇచ్చారు. 2025లో మళ్ళీ గుంటూరు యార్డులో ధర పడిపోయింది, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించే దాకా వచ్చింది. ఆ ఏడు నా పుస్తకంలో నాలుగో గడి చాలా పేజీల్లో తెల్లగా ఉంది. ఏటా పాతిక వేలు రాని బాకీ కింద రాసుకోవడం అందుకే. దాన్ని ముందే లెక్కలో పెట్టుకుంటే, ఇవ్వలేని మనిషి ఇంటి ముందు గొంతు పెంచాల్సిన పని ఉండదు.

ఇప్పుడు మా వృత్తిలో నలుగురూ బయటికి చెప్పని మాట ఒకటి చెబుతాను. కూలి తక్కువ చెప్పే ఎలక్ట్రీషియన్ ఎలా బతుకుతున్నాడని మీరెప్పుడైనా ఆలోచించారా? కొన్ని స్విచ్చుల డబ్బాల్లో, వైరు కాయిళ్ళలో ఎలక్ట్రీషియన్ కోసం కూపన్లు ఉంటాయి. షాపుల్లో కమీషను ఉంటుంది. కూలిలో తగ్గించుకున్నది సామానులో రాబట్టుకోవచ్చు. మూడు కాయిళ్ళు పట్టే చోట నాలుగు రాయవచ్చు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు వైరు చాలిన చోట రెండున్నర రాయవచ్చు. ఇంకా పాపమైన పని, ఏసీకి నాలుగు వేయాల్సిన చోట రెండున్నర వేసి డబ్బు మిగల్చవచ్చు. నేనూ కొన్నాళ్ళు కమీషను తీసుకున్నాను. గంట రేటు గట్టిగా చెప్పడం మొదలయ్యాక మానేశాను. నా కష్టానికి నేరుగా డబ్బిస్తే, మీకు ఏ వైరు కావాలో చెప్పేటప్పుడు నా కడుపు అడ్డం రాదు. ఇంటివాళ్ళకు గంట రేటు వల్ల కలిగే అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

తక్కువ రేటు ఇంకో రకంగా కూడా ప్రాణం మీదికి తెస్తుంది, అది నా ఒంటి మీదే అనుభవించాను. 2016 వానాకాలంలో ఒకింట్లో పాత బోర్డులన్నీ మార్చే పని గుత్తకు ఒప్పుకున్నాను, బాగా తక్కువకు. మధ్యాహ్నానికి ముగించుకుని ఇంకో చోటికి పోతే గానీ ఆ రోజు గిట్టదు. మెయిన్ దించాను. మామూలుగా అయితే మెయిన్ దించినా సరే ప్రతి తీగ మీదా టెస్టరు పెట్టి గానీ చెయ్యి వేయను. ఆ రోజు తొందరలో పెట్టలేదు. ఆ గదికి ఇన్వర్టరు లైను ఉంది. మెయిన్ దించగానే ఇన్వర్టరు అందుకుంది. నిచ్చెన మీంచి పడ్డాను, కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పని లేదు. టెస్టరు పెట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేకుండా చేసింది నేను చెప్పిన ధరే.

అందుకే నా గంటలో పరీక్ష కూడా ఉంటుంది. ఏ ఇంటికెళ్ళినా, పిలిచింది ఫ్యాను కోసమైనా, చివర్లో ఎర్తు చూడకుండా రాను. మీ ఇంట్లో ప్లగ్గుకు పైన పెద్ద రంధ్రం ఒకటి ఉంటుంది చూడండి, మూడోది. చాలా ఇళ్ళలో దాని వెనక తీగే ఉండదు. మరికొన్ని ఇళ్ళలో తీగ ఉంటుంది, అది చేరాల్సిన గుంట ఎండిపోయి ఉంటుంది. మాది రాతి నేల. ఉప్పూ బొగ్గూ వేసి గుంట తీసినా ఎండాకాలం నీళ్ళు పోయకపోతే నేల కరెంటును తీసుకోదు. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే ఇనప కూలర్లు బయటికొస్తాయి. తడి నేల, తడి చేతులు, ఇనప డబ్బా. లోపల తీగ పొర ఊడి డబ్బాకు తగిలితే, ఎర్తు బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే మనిషి పోతాడు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టిస్తే, ఆ పాటి కరెంటు పక్కదారి పట్టగానే రెప్పపాటులో లైను కట్టేస్తుంది. ఇవన్నీ చూడటానికి ఇరవై నిమిషాలు చాలు. చూడమని మాత్రం ఎవరూ అడగరు. వందకు పని చేసేవాడు మొదట వదిలేసేది కూడా దీన్నే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. బల్బు, ఫ్యాను, స్విచ్చు, ఫ్యూజు లాంటివి ఉన్నది తీసి అలాంటిదే బిగించడం తప్ప, కొత్త వైరింగు, లైను పెంచడం లాంటివన్నీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిటు ఉన్న పనివాళ్ళతోనే జరగాలి. కేంద్ర విద్యుత్ అథారిటీ 2010లో చేసిన భద్రతా నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి, ఈ నియమం పాతదే. పర్మిటు తెచ్చుకోవడానికి పెట్టిన ఫీజూ, తిరిగిన రోజులూ కూడా గంట రేటులో భాగమే. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చినప్పటి నుంచీ కనీస వేతనం అనేది యజమాని కింద పనిచేసేవాళ్ళకే. నాకు రోజుకు ముగ్గురు యజమానులు, రేపు ఆ ముగ్గురూ ఉండరు. నా కనీస వేతనం నేనే కట్టుకోవాలి.

మాకు దొరికే ఆసరా కొంత ఉంది, తెలిసినవాళ్ళు తక్కువ. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ఎలక్ట్రీషియన్లకూ సభ్యత్వం ఉంది. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమా యోజనలో ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. పోల్ పక్కన పనిచేసే ప్రతి తమ్ముడూ ఇది కట్టాలి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, వడ్రంగి ఉన్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, ఎలక్ట్రీషియన్ లేడు. ఉండాల్సిందని నా మనసులో గట్టిగా ఉంది.

నాతో ఐటీఐ చదివినవాడు ఒకడు దుబాయిలో ఎనిమిదేళ్ళు చేసి వచ్చాడు. అక్కడ టైము షీటు ఉంటుందట, మామూలు గంటలు దాటితే పావు వంతు ఎక్కువ, రాత్రి పూటైతే సగం ఎక్కువ అని చట్టంలోనే ఉందట. రాత్రికి ఒకటిన్నర రెట్లు అనే మాట నేను పట్టుకుంది వాడి దగ్గరే. మా వీధి చివర ఒక పిన్నిగారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఒకరోజు నేను ఆవిడ ఇంట్లో మోటారు చూస్తుంటే వీడియో కాల్లో ఉన్నాడు. నా రేటు వినిపించి "చూడరా, గంటకు మూడొందలంట" అని ఫిర్యాదు చేశారావిడ. ఆ అబ్బాయి "అమ్మా, ఇక్కడ ఇంటికొచ్చి చూసినందుకే వేరుగా తీసుకుంటారు, తర్వాత గంట మొదలవుతుంది. అన్నకు ఇచ్చి పంపించు" అన్నాడు. ఆవిడ ఇచ్చారు. మజ్జిగ కూడా ఇచ్చారు.

లెక్క కట్టని పనులూ ఉన్నాయి. "షాక్ కొడుతోంది" అని ఫోను వస్తే ముందు మెయిన్ దించమని చెబుతాను, తర్వాత ఏ వేళయినా బయల్దేరతాను, రాత్రి రేటు అడగను. అడిగితే రేపు పొద్దున పిలుద్దాంలే అనుకుంటారు, ఆ రాత్రి ఇంట్లో పిల్లలుంటారు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టే రోజుల్లో కూడా పుస్తకం ఇంట్లోనే ఉంటుంది. శివరాత్రికి అంత ఎత్తు ప్రభ మీద వరసలు వరసలుగా బల్బులు అల్లి, జనరేటరు మీద ఒక్కసారిగా వెలిగించినప్పుడు ఊరు ఊరంతా అరుస్తుంది. ఆ గంటలు నావి, వాటిని అమ్మను.

నాతో రెండేళ్ళుగా ఒక కుర్రాడు వస్తున్నాడు, ఐటీఐ అయిపోయింది. నిచ్చెన పట్టుకోవడం, కింద మెయిన్ దగ్గర నిలబడి ఎవరూ వేయకుండా చూడటం వాడి మొదటి పని. వాడు వచ్చాక నేను ఒంటరిగా నిచ్చెన ఎక్కలేదు. ఈ ఉగాది రోజు గుళ్ళో పంచాంగ శ్రవణం విని వచ్చి, ఏటా చేసినట్టే పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. నా గంటలన్నీ కూడాక నా భార్య తలెత్తి "వాడి గంటలు ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది. ఈసారీ నా దగ్గర జవాబు లేదు. మర్నాడు షాపు తెరిచే దాకా నిలబడి ఇంకో రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. నాలుగు గళ్ళూ వాడే గీసుకున్నాడు. మొదటి గడిలో 7.50 అని రాసి, బండెక్కాడు.